కొండలూ చూడాలి, సముద్రమూ చూడాలి: మోకాళ్ల నొప్పులున్న అత్తగారితో ఎటు వెళ్లమంటారు?

కొత్తపేట కోడలు

అందరికీ నమస్కారం అండి. మాది కొత్తపేట పక్కన పల్లెటూరు. జనవరి ఆఖరికి మా దాళ్వా నాట్లు అయిపోతాయి. అప్పుడు మా ఆయనకి నాలుగైదు రోజులు తీరిక దొరుకుతుంది. ఆ రోజుల్లో అందరం కలిసి ఎటైనా వెళ్దామని అనుకుంటున్నాం. మేమిద్దరం, ఏడో తరగతి చదివే పాప, మూడో తరగతి బాబు, మా అత్తగారు.

మా అత్తగారు పుట్టింది ముమ్మిడివరం దగ్గర, మెట్టినిల్లు ఇక్కడ. అంతర్వేది తీర్థం చూశారు, ద్రాక్షారామం, అయినవిల్లి ఎన్నిసార్లు వెళ్లారో లెక్కే లేదు. తిరుపతి మాత్రం ఒకసారి వెళ్లారు గానీ చీకట్లో బస్సెక్కి చీకట్లోనే దిగారట, కొండ ఎలా ఉంటుందో సరిగ్గా చూడనే లేదంటారు. మా ఊళ్లో అన్నిటికన్నా ఎత్తైన చోటు ఏటిగట్టే. మొన్న పాప తూర్పు కనుమల పాఠం పైకి చదువుతుంటే ఆవిడ పక్కనే కూర్చుని విని, "మన గోదారి ఆ కొండల్లోంచే వస్తుందంటగా, ఒక్కసారి చూపించండమ్మా" అన్నారు. నేను ఈ ఇంటికి వచ్చాక ఆవిడ ఫలానాది కావాలని నోరు తెరిచి అడగడం ఇదే మొదలు. అందుకే ఎలాగైనా తీసుకెళ్లాలని నా పట్టుదల.

ఇబ్బందులు కూడా చెప్తాను. ఆవిడకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. చదునుగా ఉంటే నెమ్మదిగా నడుస్తారు, మెట్లు పది దాటితే కష్టం. బాబుకి కారు మలుపులు తిరిగితే వాంతులు. పైగా వాడికి టీవీలో చూపించే నీలం సముద్రమే కావాలట. ఓడలరేవు తీసుకెళ్తే "ఇది మట్టి సముద్రం" అని మొహం ముడుచుకున్నాడు. మా ఆయన అరకు, వైజాగ్ అంటున్నారు. మా ఆడపడుచు మారేడుమిల్లి అంటోంది. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఖర్చు ముప్పై వేలు దాటకూడదు. సొంత కారు లేదు, అద్దెకి మాట్లాడుకోవాలి.

పెద్దవాళ్లని వెంటబెట్టుకుని వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.

గాజువాక కుర్రాడు

అక్కా, బావగారి మాటే వినండి, అరకు వచ్చేయండి. రాజమండ్రిలో రైలెక్కితే మధ్యాహ్నానికి వైజాగ్‌లో ఉంటారు. ఆ రాత్రి ఇక్కడ పడుకుని, పొద్దున్నే కిరండూల్ ప్యాసింజర్ ఎక్కండి. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని రేవుకి తేవడానికి 1960ల్లో కొండలు తొలిచి వేసిన లైను అది. దారిలో యాభైకి పైగా సొరంగాలు వస్తాయి. పిల్లలు ఒక్కో సొరంగానికీ అరుస్తూనే ఉంటారు. అద్దాల పెట్టె కూడా ఉంటుంది, దానికి టికెట్లు చాలా ముందే అయిపోతాయి కాబట్టి ఇప్పుడే చూసుకోండి. రైలు కాబట్టి బాబుకి వాంతుల బాధ ఉండదు. అత్తగారు కిటికీ దగ్గర కూర్చుంటే చాలు, కొండలన్నీ కళ్ల ముందుకొస్తాయి.

వెనక్కి వచ్చాక రుషికొండ, యారాడ చూపించండి. బాబు అడిగే నీలం నీళ్లు అక్కడే ఉన్నాయి. యారాడలో అయితే కొండ దిగగానే సముద్రమే. మన రాష్ట్రంలో కొండా కడలీ అంత దగ్గరగా కనిపించే ఊరు మా వైజాగే అని గట్టిగా చెప్తాను. కురుసుర సబ్‌మెరైన్ లోపల దారి ఇరుకు, అత్తగారు బయటే కూర్చోవాలి. అరకులో పసుపు పచ్చటి వలిసె పూలు మాత్రం మీరొచ్చే వేళకి అయిపోతాయి.

పాలకొల్లు పంతులమ్మ

తమ్ముడు చెప్పిన రైలు ప్రయాణం నిజంగా బాగుంటుంది. మా అమ్మని తీసుకెళ్లాను కాబట్టి పెద్దవాళ్ల సంగతి నేను చెప్తాను. బొర్రా గుహల్లో మెట్లు చాలా ఎక్కువ, దిగినవన్నీ మళ్లీ ఎక్కాలి. మా అమ్మ పైనే టీ దుకాణం దగ్గర కూర్చుంది. అరకులో ఒక్కో చోటుకీ మధ్య దూరాలుంటాయి, ఆటో కోసమో జీపు కోసమో బేరాలాడాలి. కాఫీ తోటలు, గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట పెద్దవాళ్లకి ఇబ్బంది లేకుండా చూడొచ్చు.

ఎవరైనా లంబసింగి, వంజంగి వెళ్లమంటే మాత్రం తొందరపడి ఒప్పుకోకండి. రాత్రి చల్లబడిన బరువైన గాలి లోయలోకి దిగి, అక్కడి తేమ మంచుమబ్బై పరుచుకుంటుంది. ఎండ ఎక్కితే కరిగిపోతుంది. అది చూడాలంటే తెల్లవారేసరికి పైన ఉండాలి. అంటే మూడింటికి లేచి, ఆ చలిలో కొండెక్కాలి. వంజంగిలో జీపు ఆగాక కూడా నడక ఉంది. మోకాళ్లు అరిగినవాళ్లకి అది శిక్షే. డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగి చలి ఒక్కోసారి సున్నా దగ్గరికి పోతుంది.

ఇంకో మాట. రోజుకో ఊళ్లో పడక పెట్టుకోకండి. సామాను సర్దడం, గది వెతకడం, బాత్రూములో పాశ్చాత్య పద్ధతి కమోడ్ ఉందో లేదో చూసుకోవడం, వీటితోనే ఆడవాళ్లకి సగం ఓపిక అయిపోతుంది. గది మాట్లాడేటప్పుడు మొదట అడగాల్సింది కమోడ్ గురించే. రెండోది, గది కింది అంతస్తులో ఉందా అని.

రావులపాలెం ట్యాక్సీ

అమ్మా, మీ పోస్టు పొద్దున్నే చదివాను. బేరం అయ్యాక తీరిగ్గా రాద్దామని ఆగాను. నేను రావులపాలెం స్టాండులో కారు నడుపుతాను. మన కోనసీమ వాళ్లని కొండలకీ సముద్రానికీ తిప్పడమే చాలాకాలంగా నా పని. అరకు కూడా వెళ్తూనే ఉంటాను, ఆ ఊరి మీద నాకేం కోపం లేదు. కానీ మీ అత్తగారు అడిగినదేంటో ఒక్కసారి మళ్లీ చూడండి. ఆవిడ అరకు అనలేదు. గోదారి వచ్చే కొండలు చూపించమన్నారు. ఆవిడ అడిగిన కొండలు మీ ఇంటి నుంచి ఒక పూట ప్రయాణం. నా మాట వింటే గోదారి వెంటే పైకి వెళ్లండి, గోదారి వెంటే కిందికి రండి. కొండలూ అవుతాయి, సముద్రమూ అవుతుంది, మధ్యలో సొంత మంచం మీద రెండు రాత్రుల నిద్ర కూడా అవుతుంది.

మొదటిరోజు ఇడ్లీ లాంటిది తేలిగ్గా తిని ఆరింటికల్లా బయల్దేరండి. బాబుని ముందు సీట్లో కూర్చోబెట్టి సీటు బెల్టు పెట్టండి, ఫోను ఇవ్వకండి. తల వంచి ఫోను చూస్తేనే పిల్లలకి వికారం ఎక్కువవుతుంది. జొన్నాడ దగ్గర గౌతమి దాటాక ధవళేశ్వరంలో బ్యారేజీ దగ్గర ఆపించండి. కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తిచేశాకే మన కాలువలు, మన రెండు పంటలు. ఇప్పుడున్నది ఆ తర్వాత కట్టిన బ్యారేజీ. మీ పాపకి అక్కడే చెప్పండి: ఇక్కడిదాకా ఒకటే గోదారి, ఇక్కడి నుంచి కిందికి గౌతమి, వసిష్ఠ అని రెండు పాయలు, వసిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ. మీ ఊరు ఆ పాయల మధ్యనే ఉంది. ఈ ముక్క పుస్తకంలో చదివితే మర్చిపోతుంది, బ్యారేజీ మీద నిలబడి వింటే మర్చిపోదు.

రాజమండ్రి దాటాక కోరుకొండ వస్తుంది. రోడ్డు మీంచే కొండా, దాని మీద నరసింహస్వామి గుడీ కనిపిస్తాయి. మెట్లు చాలా ఉన్నాయి, ఎక్కే పని పెట్టుకోవద్దు. కారు పక్కకి ఆపి అత్తగారికి చూపించి దణ్ణం పెట్టించండి. గోకవరం దాటేసరికి మన వరిచేలు అయిపోతాయి, మట్టి ఎర్రబడుతుంది, జీడిమామిడి తోటలు మొదలవుతాయి. అక్కడ డీజిల్ నింపుకోవాలి, ఏటీఎంలో డబ్బులు తీసుకోవాలి. పైన ఫోన్ సిగ్నల్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఫోన్ పే మీదే ఆధారపడి వెళ్లినవాళ్లు చాలా అవస్థ పడతారు.

రంపచోడవరం దాటాక భూపతిపాలెం రిజర్వాయరు ఉంది. చుట్టూ కొండలు, మధ్యలో నీళ్లు, రోడ్డుకి దగ్గరే. పెద్దవాళ్లని తీసుకెళ్లేటప్పుడు నేను ఎక్కువసేపు ఆపేది అక్కడే. రంప జలపాతానికి నడవాలి కాబట్టి మీరు దాన్ని వదిలేయండి. మధ్యాహ్నం భోజనం వేళకి మారేడుమిల్లి చేరతారు. రాజమండ్రి నుంచి దాదాపు ఎనభై అయిదు కిలోమీటర్లు. ఇందాక పంతులమ్మగారు చెప్పినట్టు కింది అంతస్తు గది, కమోడ్ ఉన్నది, ముందే ఫోను చేసి ఖాయం చేసుకోండి. టూరిజం వాళ్లవి, అటవీశాఖ వాళ్లవి, ప్రైవేటువి అన్నీ ఉన్నాయి. శని, ఆదివారాలు మాత్రం వద్దు. ఆ రెండ్రోజులూ హైదరాబాదు, వైజాగ్ బళ్లతో రోడ్డు నిండిపోతుంది. సోమవారం నుంచి గురువారం లోపు వెళ్తే అదే గది తక్కువకి వస్తుంది, అదే కొండ ప్రశాంతంగా కనిపిస్తుంది.

అసలు ఘాట్ రోడ్డు మారేడుమిల్లి దాటాకే మొదలవుతుంది, చింతూరు వైపు. మీరు చింతూరు దాకా పోనక్కర్లేదు. జలతరంగిణి దాకా వెళ్లండి, అది రోడ్డు పక్కనే, కొద్దిగా దిగితే చాలు. అత్తగారు దిగలేకపోతే కార్లోంచే నీళ్ల చప్పుడు వినపడుతుంది. అమృతధారకి మెట్లున్నాయి, అది మీరిద్దరూ పిల్లలతో వెళ్లిరండి, ఒకరు ఆవిడ దగ్గర ఉండండి. ఎండ వాలకముందే ఊళ్లోకి తిరిగొచ్చేయాలి. చీకటి పడ్డాక ఆ ఘాట్‌లో నేనైతే బండి పెట్టను, ఎవరు ఎక్కువ డబ్బులిస్తామన్నా పెట్టను. జనవరిలో పొద్దున ఎనిమిది దాకా పొగమంచు కూడా ఉంటుంది, ఎదురొచ్చే బండి దగ్గరికొచ్చేదాకా కనపడదు.

గుడిసె కొండ గురించి మీ ఆడపడుచు చెప్పే ఉంటారు. పైన అంతా గడ్డిమైదానం, సూర్యోదయం చాలా బాగుంటుంది, కాదనను. కానీ తెల్లవారుజామునే జీపులో, గతుకుల దారిలో పోవాలి. ఆ కుదుపులకి అరిగిన మోకాళ్లూ నడుమూ తట్టుకోలేవు. ఆవిడ కోసం బయల్దేరినవాళ్లు ఆవిడని గదిలో వదిలేసి గుడిసె వెళ్లడం నాకు బాగా అనిపించదు. పాప పెద్దయ్యాక మళ్లీ వెళ్లొచ్చు.

రెండోరోజు పొద్దున వారపు సంత ఉందేమో కనుక్కోండి. కొండరెడ్లు, కోయవాళ్లు తేనె, చింతపండు, కొండచీపుళ్లు, అడ్డాకులు తెస్తారు. బేరం ఆడకుండా కొనండమ్మా. ఆ చీపురుపుల్లలు ఏరుకురావడానికి వాళ్లు ఎంత ఎత్తు ఎక్కారో మన కళ్లతో చూశాక బేరం ఆడబుద్ధి కాదు. మధ్యాహ్నానికి దిగి రాజమండ్రిలో పడుకోండి.

మూడోరోజు పాపికొండలు. ఇదే ఈ ప్రయాణానికంతటికీ గుండెకాయ. బోట్లు ఇప్పుడు గండిపోచమ్మ గుడి దగ్గర నుంచి బయల్దేరుతున్నాయి. రాజమండ్రి నుంచి గంటా గంటన్నర. పొద్దున ఎక్కితే పేరంటాలపల్లి దాకా వెళ్లి సాయంత్రానికి వెనక్కి వస్తారు, టిఫినూ భోజనమూ బోటులోనే. అత్తగారు రోజంతా కుర్చీలో కూర్చునే కొండలన్నీ చూస్తారు. మెట్లు లేవు, మలుపులకి కడుపు తిప్పడం లేదు. రాజమండ్రి దగ్గర రెండున్నర కిలోమీటర్లకు పైగా పరుచుకున్న నది అక్కడ రెండు కొండల మధ్య ఒదిగిపోయి, కదులుతుందో లేదో తెలియకుండా ఉంటుంది. పేరంటాలపల్లిలో శివాలయం ఉంది, కొండరెడ్లు వెదురుతో చేసిన బుట్టలు, పూలు అమ్ముతారు. అక్కడ మాత్రం ఒడ్డు ఎక్కాలి. ఆవిడకి ఓపికుంటే ఇద్దరు చెరోవైపు పట్టుకోండి, లేకపోతే బోటులోనే కూర్చోబెట్టండి, బోటు మనుషులు కొందరు అక్కడే ఉంటారు.

ఒక సంగతి ఆవిడకీ పిల్లలకీ తప్పకుండా చెప్పండి. శ్రావణ భాద్రపదాల్లో మన ఏటికి వచ్చే ఎర్రనీళ్లు ఉన్నాయి కదా, ఆ రంగు ఇలాంటి కొండల మట్టిదే. ఇంద్రావతి, శబరి మోసుకొచ్చి గోదారిలో కలిపిన మట్టి వేల ఏళ్లపాటు కింద పేరుకుంటేనే మన కోనసీమ అయింది. మన లంకలు, మన కొబ్బరితోటలు, మీరు ఇప్పుడు నాట్లు వేస్తున్న చేను, అన్నీ అలా దిగివచ్చిన మట్టే. మిగిలినది ఇంకా సముద్రంలోకి పోతూనే ఉంది. ఓడలరేవులో బాబు చూసిన మట్టిరంగు అదే. నీలం నీళ్లు రుషికొండలో ఎందుకున్నాయంటే అక్కడ ఇంత పెద్ద నది వచ్చి కలవదు. బాబుకి ఇలా చెప్పి చూడండి, మట్టి సముద్రం అని మొహం ముడుచుకోడు. మన పొలం చివరి ముక్కని చూడ్డానికి వెళ్తున్నామని వాడే అందరికీ చెప్తాడు.

మూడోరోజు రాత్రికి ఇంటికి వచ్చేయండి. నాలుగోరోజు విశ్రాంతి. ఐదోరోజు అంతర్వేది వెళ్లి, గోదారి సముద్రంలో కలిసేచోట నిలబడండి. ఖర్చులో ఎక్కువ భాగం కారుకీ, బోటు టికెట్లకీ, గదులకీ. రెండు రాత్రులే బయట పడుకుంటారు కాబట్టి మీరు అనుకున్న దాంట్లో సరిపోతుంది. అరకు, వైజాగ్ అయితే ఐదుగురికి అంతలో రావడం కష్టం.

కొత్తపేట కోడలు

బాబాయ్ గారూ, మీరు రాసిందంతా మా అత్తగారికి చదివి వినిపించాను. "ఆ అబ్బాయి ఎవరో గానీ నా మనసులో మాట చెప్పాడు" అన్నారు. మా ఆయన కూడా మెత్తబడ్డారు. అరకు వేసవి తర్వాత చూద్దామంటున్నారు.

ఒక్క బోటు విషయంలోనే నాకు భయం పోవడం లేదు. 2019లో కచ్చులూరు దగ్గర బోటు మునిగిపోయింది టీవీలో రోజుల తరబడి చూశాం. పిల్లల్ని ఎక్కించాలంటే చేతులు వణుకుతున్నాయి. నిజం చెప్పండి, మీ పిల్లల్ని మీరు ఎక్కిస్తారా? ఇంకొకటి, అంతర్వేదిలో పిల్లల్ని నీళ్లలోకి దింపొచ్చా?

రావులపాలెం ట్యాక్సీ

భయపడటంలో తప్పేం లేదమ్మా. 2019 సెప్టెంబరు 15న నలభై మందికి పైగా పోయారు. ఆ వార్త విన్నరోజు మా స్టాండులో ఎవరం బండి తియ్యలేదు. అది వరద రోజుల్లో జరిగింది. నది నిండుగా, వడిగా ఉంది, కచ్చులూరు మందం దగ్గర సుడులు తిరుగుతోంది. జనవరి ఆఖరికి ఆ వడి ఉండదు, నీళ్లు నిలకడగా ఉంటాయి. ఆ తర్వాత కంట్రోల్ రూములు పెట్టారు, వరద పెరిగితే బోట్లు ఆపేస్తారు, లైఫ్ జాకెట్ తప్పనిసరి చేశారు. మా మనవరాలిని పోయిన ఏడు ఎక్కించాను, నేనూ ఎక్కాను.

కానీ మీ జాగ్రత్త మీదే. పిల్లల సైజు జాకెట్ ఉందా అని ఎక్కకముందే అడగండి, లేదంటే వేరే బోటు చూసుకోండి. తాళ్లు, బకిల్స్ మీ చేత్తో బిగించండి. ఉక్కపోస్తోందని మధ్యలో ఎవరు విప్పినా మీరు విప్పనివ్వకండి. కొండలు దగ్గరికి రాగానే అందరూ ఫొటోలకి ఒకే పక్కకి పరిగెత్తుతారు, మీరు మాత్రం కూర్చున్నచోటే ఉండండి. పై అంతస్తులో పాటలు, డాన్సులు పెడతారు. అత్తగారికి, పిల్లలకి కింది అంతస్తే మేలు. గాలి ఎక్కువగా ఉన్నా, మబ్బు పట్టినా డబ్బులు పోయినా సరే ఎక్కకండి. ముందురోజు సాయంత్రం ఫోను చేసి బోట్లు తిరుగుతున్నాయా, ఎక్కేచోటు అదేనా అని కనుక్కోండి.

బోటు వెళ్లేటప్పుడు ఒడ్డున ఖాళీ అయిపోయిన ఊళ్లు కనపడతాయి. పోలవరం కోసం దేవీపట్నం మండలంలో చాలా ఊళ్లవాళ్లు ఇళ్లు వదిలి కాలనీలకి వెళ్లిపోయారు. ఒకప్పుడు నేను టీ తాగిన అరుగులు ఇప్పుడు నీళ్లలో ఉన్నాయి. అందరూ కొండల్నే ఫొటో తీస్తారు, ఈ ఊళ్ల పేర్లు కూడా పిల్లలకి చెప్పండి. ఎక్కేముందు గండిపోచమ్మ తల్లికి దణ్ణం పెట్టుకోవడం మర్చిపోవద్దు, వరదొస్తే ఆ గుడే మునిగిపోతుంది.

సముద్రం సంగతి అంతర్వేది మనిషే చెప్తే బాగుంటుంది.

సఖినేటిపల్లి రేవు

నమస్తే అండి. మాది సఖినేటిపల్లి, మావాళ్లు వేటకి వెళ్తారు.

చెల్లమ్మా, సంగమం దగ్గర పిల్లల్ని నీళ్లలోకి దింపొద్దు. మోకాలి లోతు అనిపించినా దింపొద్దు. ఏటి పోటు ఒకవైపు, సముద్రం ఆటుపోటు ఒకవైపు, రెండూ కలిసేచోట కాళ్ల కింద ఇసుక నిలవదు. నిన్న తిప్ప ఉన్నచోట ఇవాళ గొయ్యి ఉంటుంది. మేమే వలలు వేసేటప్పుడు ముందు కర్రతో పొడిచి చూసుకుంటాం. అన్నాచెల్లెళ్ల గట్టు మీంచి చూడండి, కళ్లకి నిండుగా కనిపిస్తుంది. నీళ్లలో ఆడాలని పిల్లలు మారాం చేస్తే గుడి వైపు బీచ్‌లో, నలుగురూ స్నానాలు చేసేచోట, చెయ్యి వదలకుండా పాదాలు తడపండి. చెప్పులు ఒడ్డున దూరంగా పెట్టండి, అల కొట్టుకుపోతే వాటి కోసం పరిగెత్తి లోపలికి పోయినవాళ్లున్నారు.

తేదీల సంగతి. మాఘ శుద్ధ దశమి రాత్రి స్వామి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథం. రథసప్తమి నుంచి పౌర్ణమి దాకా జనం ఇసకేస్తే రాలరు. మీరు వచ్చేది జనవరి ఆఖరు, ఫిబ్రవరి మొదలు అంటున్నారు కాబట్టి పంచాంగం చూసుకోండి. తీర్థం రోజుల్లో కార్లు చాలా దూరంలోనే ఆపేస్తారు, మీ అత్తగారు అంత దూరం నడవలేరు. ఆవిడ తీర్థం ఎలాగూ చూశారు కాబట్టి ఆ రోజులు తప్పించి రండి, దర్శనం నిదానంగా అవుతుంది.

కొత్తపేట నుంచి వచ్చేటప్పుడు పి.గన్నవరం మీదుగా రండి. అక్విడక్టు దగ్గర ఒక నిమిషం ఆగితే పిల్లలకి మంచి వింత చూపించొచ్చు: కింద వైనతేయ, దాని పైనుంచి కాలువ. కొత్త అక్విడక్టుకి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. దారిన పోయే ఎవరికైనా వేళకాని వేళలో కూడా అన్నం పెట్టిన తల్లి, గన్నవరం ఆవిడే. మీ అత్తగారికి ఆవిడ కథ తెలిసే ఉంటుంది, పిల్లలకి ఆవిడ చేతే చెప్పించండి.

అంతర్వేది చూశాక అదే దారిన వెనక్కి పోకండి. మా రేవులో పంటు ఎక్కి వసిష్ఠ దాటండి, బళ్లు కూడా ఎక్కిస్తారు. అటు నర్సాపురం. వీధి అరుగుల మీద ఆడవాళ్లు లేసు అల్లుతూ కనపడతారు. మీ అత్తగారు కూడా ఒకప్పుడు అల్లి ఉంటే కాసేపు వాళ్లతో కూర్చుంటారు. పొద్దుంటే పేరుపాలెం బీచ్‌కి వెళ్లండి, అక్కడ ఒడ్డు చదునుగా, సరుగుడు తోటల నీడలో ఉంటుంది. వెనక్కి చించినాడ వంతెన మీదుగా దిండి వచ్చి, రాజోలు మీంచి ఇంటికి పోవచ్చు. రాత్రివేళ పంటు మీద ఆధారపడకండి, గాలి పెరిగితే ఆపేస్తారు.

గాజువాక కుర్రాడు

బాబాయ్ గారి ప్లాన్ చదివాక ఈసారికి నేనూ ఒప్పుకుంటున్నాను అక్కా. ఇంత దగ్గరలో ఉండి నేనింకా పాపికొండలు చూడలేదు, మా అమ్మని తీసుకుని నేనూ వెళ్తాను. నీలం సముద్రం బాకీ మాత్రం ఉంచండి, వేసవి సెలవులకి బాబుని రుషికొండ పంపండి.

పాలకొల్లు పంతులమ్మ

నర్సాపురం వైపు వస్తున్నారు కాబట్టి లేసు గురించి ఒక మాట. దారిలో ఆగి కొంటే అల్లిన మనిషి దగ్గరే కొనండి. ఒక టేబుల్ గుడ్డ అల్లడానికి రోజులు పడుతుంది, మధ్యలో చేతులు మారేకొద్దీ అల్లినావిడకి మిగిలేది తగ్గిపోతుంది. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

మందుల సంచి అత్తగారి ఒళ్లోనే ఉండనివ్వండి, డిక్కీలో పెట్టకండి. మోకాళ్లకి క్రేప్ బ్యాండేజీ, బాబుకి డాక్టరుని అడిగి వాంతుల మందు, అందరికీ స్వెట్టర్లు, దోమల మందు. ఏజెన్సీలో, అంటే ఆ గిరిజన కొండప్రాంతంలో, మలేరియా ఉంటుంది, సాయంత్రం నుంచి పిల్లలకి నిండు చేతుల చొక్కాలే వెయ్యండి. తిరిగొచ్చాక కొన్ని నెలల దాకా ఎవరికి జ్వరం వచ్చినా మారేడుమిల్లి వెళ్లొచ్చామని డాక్టరుకి చెప్పండి.

కొత్తపేట కోడలు

అందరికీ చాలా థాంక్స్ అండి. పంచాంగం చూశాం, తీర్థం రోజులు తప్పించి సోమవారం బయల్దేరేలా ఖాయం చేసుకున్నాం. కాగితం మీద అత్తగారే స్వయంగా రాసుకున్నారు: కోరుకొండ, భూపతిపాలెం, పేరంటాలపల్లి, అన్నాచెల్లెళ్ల గట్టు. పాప ఆ కాగితం పక్కనే గోదారి పాయల బొమ్మ గీస్తోంది.

బాబాయ్ గారూ, ఆ రోజుల్లో మీ కారే ఖాళీ ఉంటే మాకు కావాలి. ఇంకో చిన్న అనుమానం. మారేడుమిల్లిలో బొంగులో చికెన్ తినాలని మా ఆయన సరదా. అత్తగారు సోమవారం నీచు ముట్టరు. ఆవిడకి అక్కడ భోజనం ఎలా?

రావులపాలెం ట్యాక్సీ

కారు ఉంటుందమ్మా, మీకోసం ఆ రోజులు వేరే బేరం ఒప్పుకోను. మెసేజ్‌లో ఊరి పేరు పెట్టండి.

భోజనానికి ఇబ్బంది లేదు. పొద్దున వెళ్లేటప్పుడే హోటల్లో చెప్పేస్తే అన్నం, పప్పు, కూర, పెరుగు విడిగా వండిపెడతారు. నేను ఎప్పుడూ దిగేచోట వంట గిన్నెలు కూడా వేరుగా పెడతారు. బొంగులో చికెన్ కూడా ముందే చెప్పాలి. మసాలా పట్టించిన ముక్కలు పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె వెయ్యరు. హడావిడిగా కాల్చి ఇస్తే లోపల ఉడకదు కాబట్టి గంట ముందే చెప్పి, మీ ఎదురుగానే బొంగు చీల్చమనండి. మీ ఆయన అది రోడ్డు పక్క పొయ్యి దగ్గర తింటారు, అత్తగారు గదిలో భోంచేస్తారు. సోమవారం ఆరింటికి మీ గుమ్మం ముందు ఉంటాను.